రాకెట్టా, తాళం మడతా, గద్దా: ఏ కాగితం విమానం ఎవరికి

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఆరేడేళ్లు దాటిన పిల్లలున్నారు, ఒక్క రకం నేర్పే టైమే ఉంది అంటే తాళం మడత నేర్పండి. మనందరికీ బళ్లో వెనక బెంచీలో వచ్చేసిన ఆ కోసు ముక్కు రాకెట్టు మాత్రం వద్దు. రాకెట్టు చెడ్డదని కాదు నా ఉద్దేశం, అది నాలుగు గోడల మధ్య ఎగరేసే వస్తువు కాదు, దాన్ని విసరడానికి చేతిలో బలం కావాలి, ముందు ఖాళీ జాగా కావాలి, అవి రెండూ లేని చోట పిల్లాడి చేతికి దాన్నిచ్చి ఎగరెయ్యమంటే మూడోసారికి ముక్కు వంగిపోయి మంచం కిందకి చేరుతుంది.

ఇక ఓపిక ఉన్నవాళ్లకి అసలు సంగతి.

వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు విశాఖలో మా ఇంటికి వచ్చాడు. నాలుగో తరగతి. ఫోను ఇవ్వలేదని అలిగి, ప్రింటర్‌లోంచి ఒక కాగితం లాగి రాకెట్టు చేసి విసిరాడు. అది సోఫా దాకా కూడా వెళ్లలేదు. నేను తీసుకుని వేస్తే హాలు దాటి వంటింటి గడపకి కొట్టుకుంది. మళ్లీ వాడు వేశాడు, మళ్లీ సోఫా ముందే. "మామయ్యా, నువ్వేస్తే వెళ్తోంది, నేనేస్తే ఎందుకు పడిపోతోంది? విమానం ఒకటేగా?" అన్నాడు. గట్టిగా వెయ్యాలిరా అన్నాను. గట్టిగా వేస్తే ఇంకా ముందే పడింది. అప్పుడనిపించింది, తప్పు వాడి చేతిది కాదు, వాడి చేతికి సరిపోని విమానం ఇచ్చిన నాదని.

మా అంతస్తులో లిఫ్టు దగ్గర్నుంచి మెట్ల దాకా కారిడార్ ఉంది. రెండడుగుల టైల్స్, 24 ఉన్నాయి, అంటే 48 అడుగులు. టేపు అక్కర్లేదు, టైల్స్ లెక్కపెడితే చాలు. ఒకే బండిల్‌లోని కాగితాలతో మూడు రకాలు చేసి, ఒక్కోటీ ఇద్దరం పదేసి సార్లు వేశాం. లెక్కలు వాడే తన రఫ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నేను వేసిన రాకెట్టు మూడుసార్లు చివరి గోడకి తగిలింది, మిగతా ఏడుసార్లు పక్కింటి తలుపులకీ షూ స్టాండ్లకీ తగిలింది. వాడు వేసిన రాకెట్టు ఒకసారి 15 టైల్స్, ఇంకోసారి 4, మధ్యలో అన్ని అంకెలూ ఉన్నాయి. తాళం మడత విమానం వాడి చేతి నుంచి పదిసార్లూ 13కీ 17కీ మధ్యే దిగింది. వెడల్పు రెక్కలది 9, 10, 11, అంతకు మించి పోలేదు, కానీ ఎంత నెమ్మదిగా వెళ్లిందంటే వాడు దాని పక్కనే నడుచుకుంటూ వెళ్లి కింద పడకముందే పట్టుకున్నాడు. దానికి గద్ద అని పేరు పెట్టింది కూడా వాడే. నేనూ అదే పేరు వాడతాను.

అన్నిటికంటే దూరం వెళ్లింది రాకెట్టే, అందులో డౌటు లేదు. కానీ రెండో రోజు నుంచి వాడు దాన్ని ముట్టుకోలేదు.

రాకెట్టు

మడత అందరికీ తెలిసిందే, ఒకసారి గుర్తు చేస్తాను. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, పొడుగు వెంట సగానికి మడిచి తెరవాలి. పై రెండు మూలలూ నడి గీటుకి తేవాలి. అలా వచ్చిన ఏటవాలు అంచుల్ని మళ్లీ నడి గీటుకి తేవాలి. మడతలు లోపలికి పోయేలా సగానికి మూసి, ఒక్కో రెక్కనీ దాని ఏటవాలు అంచు అడుగు అంచుని తాకేలా కిందకి మడవాలి. అంతే, అర నిమిషం పని.

ఇప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఒకసారి చూడండి. పొడుగు కాగితమంతా ఉంది, దాదాపు 30 సెంటీమీటర్లు. రెక్క చూస్తే వెనక చివర కూడా మూడు వేళ్ల వెడల్పే. రెక్క చిన్నదైతే దాన్ని గాలిలో నిలబెట్టడానికి వేగం ఎక్కువ కావాలి, వేగం తగ్గగానే కిందకి దిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు విసిరితే బాణంలా పోతుంది, పిల్లలు విసిరితే రాయిలా పడుతుంది. మావాడి ప్రశ్నకి జవాబు ఇదే.

దీనికి సరైన చోటు ఆటస్థలం, ఖాళీ డాబా, పొలం గట్టు, గాలి పెద్దగా లేని పొద్దుటి పూట. కాస్త గాలి ఉన్నా మిగతా రెండిటికంటే ఇదే తట్టుకుంటుంది, అది ఒప్పుకోవాలి. ఇంకో మంచి గుణం, మడతలు కాస్త అటూ ఇటూ అయినా ఎలాగోలా ఎగురుతుంది. చెడ్డ గుణం, ఆ ముక్కు. సూదిలా ఉంటుంది, గోడకి రెండుసార్లు తగిలితే కొస నలిగి పక్కకి తిరుగుతుంది, అది అటు తిరిగితే విమానం కూడా అటే తిరుగుతుంది. పైగా నలుగురు పిల్లలు ఎదురెదురుగా నిలబడి విసురుకునే ఆటలో అది కంటి ఎత్తున వస్తుంది, నాకు అది చూస్తే టెన్షన్. రాకెట్టే కావాలని మొండికేస్తే ఒక పని చెయ్యండి: మూలలు మడవకముందే నడి గీటు మీద పై అంచుని వేలెడు వెడల్పు కిందకి మడిచేసి, తర్వాత మామూలుగా చేసుకుపోండి. ముక్కు మందంగా, దిట్టంగా వస్తుంది, ముందు కాస్త బరువు చేరుతుంది, గోడ దెబ్బలు కూడా నాలుగు ఎక్కువ కాస్తుంది.

తాళం మడత

దీన్ని ప్రపంచమంతా నకమురా లాక్ అంటారు, జపాన్ ఒరిగామి కళాకారుడు ఐజి నకమురా పేరు మీద. మడతలన్నీ కలిసి ఒక చిన్న ముక్కోణం కింద బందీ అయిపోతాయి, అందుకే లాక్. టేపు వద్దు, జిగురు వద్దు, పిన్ను వద్దు. రాకెట్టుని విసిరాక గాల్లో దాని అడుగు భాగం నోరు తెరుచుకోవడం చూసే ఉంటారు, వేగమంతా అక్కడే పోతుంది. దీనికి ఆ జబ్బు చాలా తక్కువ.

దీని మడత కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఒక్క చోట తప్పితే తాళం పడదు. మొదట రాకెట్టులాగే, నిలువుగా సగానికి మడిచి తెరిచి, పై మూలలు రెండూ నడి గీటుకి తేవాలి. ఇల్లు బొమ్మలా వస్తుంది. ఇప్పుడు ఆ ఇంటి కప్పు మొత్తాన్ని కిందకి మడిచెయ్యాలి, కొస నడి గీటు మీదే కూర్చోవాలి. చూడ్డానికి పోస్టు కవరు వెనక వైపులా ఉంటుంది. తర్వాత పైన కొత్తగా వచ్చిన రెండు మూలల్ని మళ్లీ నడి గీటుకి తేవాలి, అసలు కిటుకు ఇక్కడే: అవి ఆ ముక్కోణం కొస దాకా రాకూడదు, కొసకి రెండు రెండున్నర సెంటీమీటర్ల పైనే కలుసుకోవాలి. మావాడికి బొటనవేలి గోరూ ఇంకాస్తా అని చెప్పాను, అర్థమైంది. ఇలా చేస్తే ముక్కు కోసుగా రాదు, మొండిగా, నాలుగు సెంటీమీటర్ల గీతలా మిగులుతుంది. అది తప్పు అనుకుని పిల్లలు సరిచెయ్యబోతారు, వద్దని చెప్పండి, అలాగే ఉండాలి. ఇప్పుడు ఆ రెండు మూలల కింద నుంచి బయటికి తొంగి చూస్తున్న చిన్న ముక్కోణాన్ని పైకి మడిచి మూలల మీద వెయ్యండి. టక్కున తాళం పడిపోతుంది. ఇక విమానాన్ని సగానికి మడవాలి, కానీ రాకెట్టుకి చేసినట్టు లోపలికి కాదు, వెనక్కి. ఆ తాళం ముక్కోణం అడుగున బయటికి కనబడాలి. చివరిగా ఒక్కో రెక్కనీ పై అంచు అడుగు అంచుకి వచ్చేలా దించండి.

మొదటిసారి పది నిమిషాలు పట్టింది వాడికి. నాలుగోసారికి రెండు నిమిషాల్లో చేశాడు, నాలుక బయటపెట్టి, గోటితో ప్రతి మడతనీ రెండుసార్లు రుద్దుతూ.

పొడుగు 19 సెంటీమీటర్లకి తగ్గింది కదా, ఆ తగ్గిన కాగితమంతా ముందు వైపు పోగైంది. బరువు ముందుకి చేరింది, రెక్క వెడల్పైంది. మెల్లగా తోసినా ముందుకి పోతుంది, కాస్త గట్టిగా వేసినా తిరగబడదు. ముక్కు మొండిది కాబట్టి గోడకి తగిలినా వంగదు, మా కారిడార్‌లో ఒక్క విమానం నాలుగు రోజులు బతికింది. ఆరేళ్లలోపు పిల్లలకి మాత్రం ఆ రెండున్నర సెంటీమీటర్ల లెక్క కష్టం, వాళ్లకి మడిచి ఇచ్చెయ్యడమే మంచిది. ఆరుబయట గాలి వీస్తుంటే కూడా దీని జోలికి పోవద్దు, రెక్క వెడల్పు కాబట్టి గాలి దాన్ని ఎటు తోస్తే అటు పోతుంది.

గద్ద

ఇది దూరం కోసం కాదు, సేపు కోసం. ఎంత దూరం పోయింది అని కాదు, ఎంతసేపు గాల్లో ఉంది అని చూసేవాళ్లకి. చాలామంది దీన్ని చూసి ఇది విమానమా, మడిచిన విసనకర్రా అంటారు.

ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, పై అంచు నుంచి రెండేసి సెంటీమీటర్ల పట్టీగా మడుచుకుంటూ కిందకి రావాలి, చాప చుట్టినట్టు, మడత మీద మడత. తొమ్మిది మడతలకి కింద దాదాపు 12 సెంటీమీటర్లు, అంటే కాగితంలో మూడో వంతు కాస్త పైన మిగులుతుంది. అక్కడ ఆగాలి. తర్వాత ఎడమ అంచు కుడి అంచుకి వచ్చేలా సగానికి మడిచి, అడుగున రెండు సెంటీమీటర్లు పట్టుకోవడానికి వదిలి రెక్కలు దించి, రెక్కల చివర్లు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర పైకి నిలబెట్టాలి.

చెప్పినంత సులువు కాదు. ముందు అంచు పది పొరలుంటుంది, దాన్ని సగానికి మడవడం పిల్లల వేళ్ల వల్ల కాదు, నేనే స్టీలు గ్లాసు అడుగుతో ఒత్తాల్సి వచ్చింది. మడత చుట్టేటప్పుడు ఒక పక్క మిల్లీమీటరు ఎక్కువ పోతే తొమ్మిదో మడతకి అది అర సెంటీమీటరు వంకర అవుతుంది, చీర కుచ్చిళ్లు మొదట్లో తప్పితే చివరికి ఎలా తేలుతుందో అలా. స్కేలు పెట్టుకుని చెయ్యండి.

కాగితంలో ఎక్కువ భాగాన్ని ముందు అంచుకే ఎందుకు చుట్టెయ్యాలి అని మావాడు అడిగాడు. రెండు చూపుడు వేళ్లు రెక్కల కింద పెట్టి విమానాన్ని ఆనించి చూపించాను. ఇలాంటి దీర్ఘచతురస్రం రెక్క ముందు అంచు నుంచి దాదాపు పావు వంతు దగ్గర తూగాలి. గాలి ఎత్తే చోటు అక్కడే ఉంటుంది, బరువు అంతకంటే వెనక్కి పోతే ముక్కు పైకి లేచి విమానం పల్టీ కొడుతుంది. మీది సగం దగ్గర తూగుతుంటే ఇంకో మడత చుట్టండి.

విసరకూడదు దీన్ని. భుజం ఎత్తున పట్టుకుని, ముక్కు కాస్త కిందకి వాల్చి, మనం నడిచే వేగంతో ముందుకి తోసి వదిలెయ్యాలి. విసిరితే లేచి వెనక్కి పడుతుంది. ఫ్యాను తిరుగుతుంటే ఆపండి, ఏసీ కింద కూడా వద్దు, దీని బలహీనతంతా గాలి కదలికే. ఆరుబయట పనికిరాదు, నిజంగా పనికిరాదు. కానీ పెద్ద హాలు, ఫంక్షన్ హాలు లాంటిది, జనం రాకముందు దొరికితే ఆ పై మెట్టు మీద నుంచి వదిలి చూడండి.

ఇంకోటి ఉంది, గొట్టం. సగం కాగితాన్ని ఇలాగే పట్టీలుగా సగం దాకా చుట్టి, బల్ల అంచు మీద లాగి వంపు తెచ్చి, రెండు చివర్లూ ఒకదానిలో ఒకటి దూర్చి గుండ్రం చేసేస్తే రెక్కలు లేని విమానం. మందపు అంచు ముందుకి పెట్టి వేళ్లతో తిప్పుతూ విసరాలి. పార్టీల్లో అందరూ నోరు వెళ్లబెడతారు. పోటీకి మాత్రం వద్దు, ఒకసారి వెళ్తుంది, ఒకసారి కాళ్ల దగ్గరే పడుతుంది.

రికార్డులు ఏం చెబుతున్నాయి

దూరం విమానం వేరు, సేపు విమానం వేరు అనే మాట నమ్మకపోతే రికార్డులు చూడండి. 2012 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో జాన్ కాలిన్స్ అనే ఆయన చేసిన సుజాన్ అనే విమానం 69.14 మీటర్లు పోయింది. కానీ విసిరింది ఆయన కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతిని దూరంగా విసిరే ఆటగాడిగా, ఆడిన జో అయూబ్ చేత విసిరించాడు. మడిచే చేయి వేరు, విసిరే చేయి వేరు. ఇంట్లో కూడా అంతే, అన్నయ్య మడిచి చెల్లెలు విసిరితే తప్పేం లేదు. తర్వాత 2022 డిసెంబరులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఇంజనీర్లు ముగ్గురు 88.318 మీటర్లకి తీసుకెళ్లారు, వాళ్లది సన్నగా, పొడుగ్గా ఉండే బాణం జాతిదే. 88 మీటర్లంటే పిచ్ మధ్య నుంచి వేస్తే పెద్ద గ్రౌండులో కూడా బౌండరీ తాడు దాటి పడినట్టు.

సేపు విషయానికొస్తే 1998లో అట్లాంటాలోని జార్జియా డోమ్ అనే కప్పున్న స్టేడియంలో కెన్ బ్లాక్‌బర్న్ 27.6 సెకన్లు నిలబెట్టాడు, 2010లో జపాన్‌లో టకువో టోడా 29.2 సెకన్లు. ఇలాంటి ప్రయత్నాల్లో విమానాన్ని ముందుకి విసరరు, దాదాపు నిటారుగా పైకి విసురుతారు, అది పైన తిరగబడి మెల్లగా చక్కర్లు కొడుతూ దిగుతుంది. అందుకే అంత ఎత్తు కప్పున్న భవనాలు వెతుక్కుంటారు. మన హాలు స్లాబు పదడుగులు. నిటారుగా వేస్తే ఫ్యాను రెక్కకి తగిలి మళ్లీ మన నెత్తి మీదే. కాబట్టి సెకన్ల లెక్క చూసి మురిసిపోయి ఇంట్లో సేపు పోటీ పెట్టుకోవద్దు, అయిదారు సెకన్లు నిలిచిందంటేనే మీ గద్ద బాగా కుదిరినట్టు.

కాగితం

రకం ఎంచుకున్నాక కూడా సగం పని కాగితం దగ్గర చెడుతుంది. జెరాక్స్ షాపులో దొరికే ఏ4 బండిల్ మీద 70 అనో 75 అనో 80 అనో జీఎస్ఎం రాసి ఉంటుంది, అంటే ఒక చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు. అలాంటి చదరపు మీటరులో 16 ఏ4లు వస్తాయి, కాబట్టి 80 అయితే ఒక్కోటి 5 గ్రాములు, 70 అయితే 4.4. తేడా అంతే, కానీ చేతికి తెలుస్తుంది. రాకెట్టుకి 80, తాళం మడతకి 75 లేక 80, గద్దకి 70. గద్దని 80తో చేస్తే ఆ పది పొరలు ఒత్తేసరికి మీ వేళ్లు అరుగుతాయి. రికార్డుల కోసం విసిరేవాళ్లు 100 దాకా వాడతారు, వాళ్ల చేతి బలం వేరు.

లాంగ్ నోట్‌బుక్ కాగితం ఇంతకంటే పల్చన. మడత బాగా పడుతుంది, కానీ రెక్క నిలబడదు, రెండు రోజుల్లో వాలిపోతుంది. అయినా మనం నేర్చుకున్నదంతా దానిమీదే కదా. ఒక్క జాగ్రత్త, స్పైరల్ బుక్కులోంచి చింపిన కాగితానికి పక్కన చిల్లుల అంచు ఉంటుంది, అది ఒక రెక్కకే ఉండి రెండోదానికి ఉండదు, కత్తిరించకుండా మడిస్తే విమానం ఒక పక్కకే పోతుంది. న్యూస్‌పేపర్ అసలు వద్దు, మెత్తన. పెళ్లి కార్డు, క్యాలెండర్ అట్ట కూడా వద్దు, మడత దగ్గర పగులుతుంది.

మా విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకో బాధ ఉంది. వర్షాకాలంలో బయట పెట్టిన కాగితం చెమ్మకి మెత్తబడిపోతుంది, అప్పడంలా. పొద్దున చేసిన విమానం సాయంత్రానికి రెక్కలు జార్చేస్తుంది. బండిల్ కవరు విప్పి వదిలెయ్యకుండా మూసి పెట్టుకోండి, మెత్తబడినదాన్ని ఇస్త్రీ పెట్టెతో ఒకసారి తేలిగ్గా రుద్దితే మళ్లీ కరకరలాడుతుంది. నవ్వకండి, పనిచేస్తుంది.

ముక్కు మీద "హా" అని ఊదడం గురించి కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు ఒప్పుకోరు. ఊదినవీ ఊదనివీ వేసి చూశాం, టైల్స్ లెక్కలో తేడా ఏమీ రాలేదు. ఊదేటప్పుడు ఒక్క క్షణం నిలబడి, ఊపిరి తీసుకుని, అప్పుడు విసురుతారు కదా, బాగా పోతే ఆ నిలకడ వల్లే పోయి ఉంటుందని నా అనుమానం. ఊదుకోనివ్వండి.

ఎగరకపోతే రకం మార్చేముందు

ఒక రకం చేసి, రెండుసార్లు వేసి, ఇది బాలేదని ఇంకోటి వెతుక్కోవడం మనందరికీ ఉన్న రోగమే. చాలాసార్లు తప్పు రకానిది కాదు, సర్దుబాటుది.

ముక్కు కిందకి పొడుచుకుని పడిపోతుంటే రెక్కల వెనక అంచులు రెండూ గోరంత పైకి వంచండి. వంచడమంటే మడత కాదు, వేలితో నిమిరినట్టు. లేచి, గాల్లో ఆగి, దబ్బున పడి, మళ్లీ లేస్తుంటే ఆ వంపు ఎక్కువైందని లెక్క, తగ్గించండి, లేకపోతే మెల్లగా వెయ్యండి, అప్పటికీ లొంగకపోతే ముక్కుకి ఒక జెమ్ క్లిప్పు. ఎడమకి తిరిగిపోతుంటే ముందు ఎదురుగా పట్టుకుని ముక్కు వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, పదికి తొమ్మిదిసార్లు ఒక రెక్క వాలి, ఇంకోటి లేచి కనబడుతుంది, సమం చేస్తే సరిపోతుంది. అప్పటికీ ఎడమకే పోతుంటే కుడి రెక్క వెనక అంచుని కొంచెం పైకి నిమరండి. కుడికి పోతుంటే ఎడమది.

రెక్కలు బల్లపరుపుగా ఉండకూడదు, చివర్లు కాస్త పైకి లేచి ఉండాలి, ముందు నుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా. అప్పుడు ఒక పక్కకి ఒరిగినా తనే సర్దుకుంటుంది. ఈ ఒక్క మాట చెప్పాక మావాడి రాకెట్టు అతి తక్కువ దూరం కూడా 4 టైల్స్ నుంచి 8కి వచ్చింది, నిజం చెప్పాలిగా.

ఒకసారి ఒక్కటే మార్చండి. మావాడు రెండు రెక్కలూ, ముక్కూ, క్లిప్పూ అన్నీ ఒకేసారి మార్చేసి, ఏది పనిచేసిందో తెలియక మొదటికొచ్చేవాడు.

సరే, మీ ఇంటికి ఏది

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, హాలు పదిహేనడుగులు, చిన్న పిల్లలు, టీవీ గోడకి ఉంది: గద్ద మీరు చేసి ఇవ్వండి, వాళ్లు తోసుకుంటారు, ఏదీ పగలదు. కారిడార్ ఉంది, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు: తాళం మడత, రెండో ఆలోచన అక్కర్లేదు. ఊళ్లో తాతగారి ఇల్లు, ముందు పెద్ద కళ్లం: రాకెట్టు, అది కూడా ముక్కు మడిచినది, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి. అనంతపురం వైపు, కొండల పక్క, ఎప్పుడూ గాలి కొట్టే ఊళ్లయితే పొద్దున ఏడులోపు కానిచ్చెయ్యండి, తర్వాత విమానం కంటే గాలిపటమే నయం.

బాల్కనీలోంచి మాత్రం ఏదీ వద్దు. మూడో అంతస్తు నుంచి గద్దని వదిలితే ఎంతసేపు ఉంటుందో చూద్దామని నాకే బుద్ధి పుట్టింది. చాలాసేపే ఉంది. రెండు చక్కర్లు కొట్టి, కింద పోర్షన్ వాళ్లు ముందు వాకిట్లో చీర పరిచి పెట్టిన గుమ్మడికాయ వడియాల మీద నీట్‌గా దిగింది, ఇంకా తడి ఆరని వాటి మీద. నాలుగు వడియాలు రెక్కకి అంటుకుని వచ్చాయి. మావాడు నన్ను చూపించి "మామయ్యే వేశాడు" అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా. ఆ పిన్నిగారు ఏమీ అనలేదు, విమానం తిరిగి ఇస్తూ "ఈ వయసులో నీకెందుకు బాబూ" అన్నారు, అంతే.

బళ్లో పోటీ ఉందంటే ముందు రూలు అడగండి: దూరమా, సేపా, తిన్నగా పోవడమా. దూరమైతే పిల్లాడి చేతి బలం చూసి రాకెట్టు, తాళం మడత రెండూ ప్రాక్టీసు చేయించి, ఎక్కువసార్లు దూరం వెళ్లినదే ఎంచుకోండి, ఒక్కసారి బాగా వెళ్లినది కాదు. సేపైతే గద్ద, కానీ పోటీ గ్రౌండులో పెడితే అప్పుడు కూడా తాళం మడతే. గురి పెట్టి గీసిన గుండ్రంలో దించాలంటే తాళం మడత తప్ప వేరేది అనుకోవద్దు. టేపు, పిన్నులు, క్లిప్పులు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి, చాలాచోట్ల ఒప్పుకోరు. ముందు రోజు రాత్రి ఒకే రకం మూడు చేసి, మూడింటినీ ఎగరేసి సర్ది, రెక్క మీద పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి, లాంగ్ నోట్‌బుక్ మధ్యలో పెట్టి పంపండి. మావాడు పోయినసారి చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.